ఆటో సీపాప్: డెల్టా ఉక్కలో చాలాకాలం వాడాక

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి (స్లీప్ ఆప్నియా) మాస్కు ద్వారా గాలి పంపే యంత్రాలు వాడతారు. వాటిలో ఖరీదైనదే మంచిదనుకుని నేరుగా బైపాప్ (రెండు ఒత్తిళ్ల యంత్రం) అడిగేవాళ్లు మన వైపు ఉన్నారు. అక్కర్లేదు. ఊపిరి ఎక్కడ, ఎందుకు ఆగుతోందన్న దాన్ని బట్టే యంత్రం రకం మారుతుంది.

1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ బృందం ప్రకటించిన పద్ధతే మామూలు సీపాప్. గొంతు మూసుకుపోకుండా రాత్రంతా ఒకే ఒత్తిడితో గాలి పంపుతుంది. 10 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) పెడితే తెల్లారేదాకా 10. కానీ వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి ఎక్కువ కావాలి, పక్కకి ఒత్తిగిలితే తక్కువ చాలు. ఆటో ఈ తేడా పసిగట్టి 4 నుంచి 20 మధ్య తనే సర్దుకుంటుంది. నేను వాడేది అదే. గొంతు మూసుకుపోయే రకానికి చాలామందికి ఇది సరిపోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా ఎక్కినప్పుడు మాస్కు అంచులోంచి గాలి బుస్సుమని కంటికి కొట్టడం మాత్రం దీని లోపమే.

కొన్నప్పుడున్న 4-20ని అలాగే వదిలేయకండి. 4 దగ్గర గాలి చాలక ఉక్కిరిబిక్కిరవుతారు. గొంతు మూసుకోవడం మొదలయ్యాక గానీ యంత్రం పైకి ఎక్కదు. యంత్రం రిపోర్టులో 95 శాతం ఒత్తిడి (వాడిన సమయంలో 95 శాతం సేపు దాటని ఒత్తిడి) 11 దగ్గరుంటే, కనిష్ఠాన్ని 7కో 8కో పెంచొచ్చేమో డాక్టరు గారిని అడగండి. ఏహెచ్ఐ (గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అన్న లెక్క) 5 లోపుంటే దారిలో ఉన్నట్టే. లీకు బాగా ఎక్కువుంటే ఆ అంకెని నమ్మొద్దు, ముందు మాస్కు సైజు చూసుకోవాలి.

బైపాప్‌లో పీల్చేటప్పుడు 14, వదిలేటప్పుడు 8, ఇలా రెండు ఒత్తిళ్లుంటాయి. ఆ తేడాయే కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోస్తుంది. ఒళ్లు బాగా బరువెక్కి ఊపిరి చాలనివాళ్లకీ, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) తోడైనవాళ్లకీ అది కావాలి. మెదడే ఊపిరి తియ్యమని చెప్పని రకం పూర్తిగా వేరు, దానికి బ్యాకప్ రేటున్న (ఊపిరి ఆగితే యంత్రమే గాలి పంపే) బైపాపో, ఏఎస్‌వీయో (ఊపిరి తీరుని బట్టి ప్రతి శ్వాసకీ సాయం మార్చే యంత్రం) రాస్తారు. ఏఎస్‌వీ అంటే ముందు ఎకో (గుండె స్కాన్) తీయించాల్సిందే: గుండె పంపింగ్ 45 శాతానికి మించని రోగుల్లో దీనివల్ల గుండె మరణాలు పెరిగినట్టు 2015లో సర్వ్-హెచ్ఎఫ్ పరిశోధన చూపింది. ఇంకోటి, ఆసుపత్రి వెంటిలేటర్ మాస్కు ఇంటి యంత్రానికి తగిలించొద్దు. కొన్నిటికి గాలి పోయే రంధ్రాలుండవు, వదిలిన గాలే మళ్లీ పీలుస్తారు.

ఇక మన వాతావరణం. ఏసీ లేని గదిలో హ్యుమిడిఫైయర్ 1 మీద చాలు, వానాకాలంలో ఆపేసినా నష్టం లేదు. ఏసీ వేస్తే గొట్టం చల్లబడి లోపల నీళ్లు పేరుకుంటాయి, గుడగుడమని చప్పుడొస్తుంది, ముక్కు మీద చుక్కలు పడతాయి. గొట్టాన్ని దుప్పటి కింద పెట్టి, యంత్రాన్ని మంచం కంటే కిందికి దించండి. బోరు నీళ్లు పోస్తే తొట్టి అడుగున తెల్లగా పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి, రోజూ మార్చండి.

మండపేట లాంటి రైసుమిల్లు ఊళ్లలో ఊక బూడిదకి ఫిల్టరు తొందరగా నల్లబడుతుంది. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో వారం వారం తీసి చూడండి. పారేసే రకం కడిగితే పనికిరాదు, కొత్తది వెయ్యాలి.

తుపాను రోజుల్లో కరెంటు పోతే ముందు హ్యుమిడిఫైయర్, హీటెడ్ ట్యూబ్ ఆపండి. ఎక్కువ కరెంటు లాగేవి అవే. ఇన్వర్టరు ప్యూర్ సైన్‌వేవ్‌ది అయితే మేలు. చాలా యంత్రాలు 24 వోల్టులవి కాబట్టి 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించకుండా కంపెనీ డీసీ అడాప్టరే వాడండి.