మనసు అలసిన మనిషితో ఆటపాక, కోనసీమ, కోరంగి, మారేడుమిల్లి

మనసు బాగోలేని మనిషిని వెంటబెట్టుకుని ప్రయాణం కట్టేటప్పుడు మామూలు టూర్ లెక్కలు పనికిరావు. రోజుకి ఎన్ని చోట్లు చుట్టేశామన్నది పక్కన పెట్టేయాలి. ఎక్కడ ఎంతసేపు ఊరికే కూర్చోగలం, రాత్రి నిద్ర పడుతుందా, చుట్టూ గోల ఉంటుందా, నచ్చకపోతే వెంటనే లేచి వచ్చేయగలమా, ఇవీ చూసుకోవాల్సినవి. డిసెంబరులో మా తమ్ముడితో కలిసి తిరిగిన చోట్ల గురించి ఆ కొలతలతోనే రాస్తున్నాను.

వాడిది హైదరాబాద్‌లో నైట్ షిఫ్టుల ఉద్యోగం. ఏడాదిగా యాంగ్జైటీతో బాధపడుతున్నాడు. ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి అందనట్టుండటం, తెల్లారేదాకా కన్ను మూతపడకపోవడం. సైకియాట్రిస్టు మందులు రాశారు, కౌన్సెలింగ్ కూడా నడుస్తోంది. ఆవిడే అన్నారు: "కొన్నాళ్ళు స్క్రీన్లకి దూరంగా, చెట్టూ చేమా ఉన్నచోట గడిపి రండి. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు." ఈ రెండో మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. అడవికి వెళ్ళొస్తే మందులక్కర్లేదని చెప్పేవాళ్ళు మన చుట్టాల్లో చాలామందే ఉంటారు. వాళ్ళ మాట వినకండి.

మేం ముందు వెళ్ళింది ఆటపాక. ఏలూరు జిల్లా కైకలూరుని ఆనుకునే ఉంటుంది, విజయవాడ నుంచి గుడివాడ మీదుగా రెండు గంటల దారి. ఇది కొల్లేరు సరస్సులో భాగమే. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాలోకీ, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకీ, ఎక్కింది. ఇంత సరస్సులోనూ పక్షుల్ని ఇంత దగ్గరగా, కష్టపడకుండా చూసే వీలు నాకు తెలిసి ఆటపాకలోనే ఉంది. గూళ్ళు కట్టుకోవడానికి చెట్లు చాలక నీళ్ళలో ఇనప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద అంతస్తులు అంతస్తులుగా గూడబాతులు, అదే పెలికాన్లు, కాపురాలు పెట్టేశాయి. మధ్యమధ్య ఎర్రకాళ్ళ కొంగలు.

అటవీశాఖ బోటు గూళ్ళకి కాస్త దూరం నుంచే తిప్పుతుంది. ఇంకొంచెం దగ్గరికి పోనివ్వమని మాతో ఎక్కినవాళ్ళు అడిగారు గానీ బోటాయన ఒప్పుకోలేదు, మంచి పని చేశాడు. బోటు కన్నా గట్టు మీద కూర్చున్న సమయమే మాకు ఎక్కువ పనికొచ్చింది. బోటులో ఇంజను చప్పుడుంటుంది, పైగా తిరిగొచ్చేదాకా దిగలేం. గట్టు మీద ఆ బాధ లేదు. ఒక తల్లి పక్షి వచ్చి వాలగానే పిల్ల దాని నోట్లోకి, గొంతు సంచిలోకి, మెడ దాకా తల దూర్చేసింది. తల్లి ఒళ్ళంతా ఊగిపోతోంది. ఆ సంచి లోపల పిల్ల ముక్కు కదలడం బయటికి తెలుస్తోంది. చాలాసేపటికి పిల్ల తల బయటికి తీసి, మళ్ళీ దూర్చింది. "అక్కా, దానికి నొప్పెయ్యదా?" అన్నాడు తమ్ముడు. పొద్దున బయల్దేరినప్పటి నుంచి తన ఒంటి గురించి, గుండె గురించి తప్ప ఇంకో దాని గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న అదే.

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫోన్ యాప్ ద్వారా 1,292 మందిని రోజులో కొన్నిసార్లు అడిగారు, ఇప్పుడు పక్షులు కనిపిస్తున్నాయా, వినిపిస్తున్నాయా, మనసెలా ఉంది అని. పక్షుల్ని చూసినప్పుడు, విన్నప్పుడు మనసు తేలికపడటం, ఆ ప్రభావం 8 గంటల దాకా ఉండటం గమనించారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలోనూ అదే కనిపించింది. ఆటపాక నుంచి వచ్చిన రాత్రి వాడు పెందలాడే పడుకున్నాడు. అది పక్షుల వల్లా, ప్రయాణం అలసట వల్లా అని నేను తేల్చి చెప్పలేను. నాకు ఏదైనా ఒకటే.

ఇక్కడ ఇబ్బందులూ ఉన్నాయి. రెట్టల వాసనకి తోడు చుట్టూ చేపల చెరువుల వాసన. వాసన పడనివాళ్ళకి కష్టం. కైకలూరులో చిన్న లాడ్జిలే దొరుకుతాయి. ఏలూరులోనో భీమవరంలోనో దిగి పొద్దున్నే వెళ్ళడం నయం. ఆదివారం వద్దు.

తర్వాత కోనసీమ వైపు, ఆత్రేయపురం దగ్గర కాలవ గట్టున ఒక రైతు కుటుంబం నడిపే ఇంట్లో దిగాం. పెంకుటిల్లు, వెనక కొబ్బరితోట, పశువుల పాక, రెండు గేదెలు, ఒక ఆవు, దాని దూడ, ఎవరిదో తెలియని ఒక గోధుమరంగు కుక్క. గదిలో ఏసీ లేదు, టీవీ లేదు. భోజనాలతో కలిపి ఇద్దరికీ రోజుకి 2,500 తీసుకున్నారు. వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద కాచి బకెట్‌తో ఇస్తారు, కాబట్టి పొద్దున కాస్త ఆగాలి. వంటలో కారం తగ్గించమంటే తగ్గించారు. మందులు వేసుకునే మనిషికి కడుపులో మంట లేకుండా అన్నం తినడం పెద్ద విషయం.

ఈ మొత్తం ప్రయాణంలో మా వాడికి బాగా పనిచేసింది ఈ ఇల్లే. పొద్దున్నే ఇంటాయన గేదెల్ని కాలవకి తోలుకెళ్తుంటే వీడూ వెంటపడ్డాడు.

"ఎదురుగా రాకండి బాబూ, బెదురుద్ది. పక్కనుంచి రండి. ముందు దాన్ని మీ చెయ్యి వాసన చూడనివ్వండి," అన్నారాయన.

వీడు చెయ్యి చాచి నిలబడ్డాడు. గేదె ముట్టె ముందుకు పెట్టి బుస్సుమని వదిలింది, వెచ్చటి తడి ఊపిరి. తర్వాత గరుకు నాలుకతో మణికట్టు దాకా ఒక్క నాకు నాకింది. ఇంటాయన ఎండుగడ్డి ఇంత తీసి చుట్ట చుట్టి వీడి చేతికిచ్చారు. "గట్టిగానే రుద్దండి, దానికి నొప్పేం ఉండదండీ. మెడ కింద రుద్దితే దానికి మహా ఇష్టం." మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వీడు రుద్దుతుంటే గేదె మెడ చాచి కళ్ళు సగం మూసేసింది. చెయ్యి ఆపితే తలతో నెట్టింది. మళ్ళీ రుద్దాడు. తిరిగొచ్చేసరికి పంట్లాం అంతా బురద, ముఖం మీద నేను చాన్నాళ్ళుగా చూడని ఒక తీరిక.

ఆ సాయంత్రం దూడకి కుడితి పెట్టే పని కూడా వీడే అడిగి తీసుకున్నాడు. ఇలా ఒక పనిని తనంతట తానుగా కావాలని అడిగి ఎన్ని నెలలైందో.

అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 249 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. కుక్కల్నీ పిల్లుల్నీ 10 నిమిషాలు దగ్గరకి తీసుకుని నిమిరినవాళ్ళ లాలాజలంలో కార్టిసాల్, అంటే ఒత్తిడి హార్మోను, తక్కువగా కనిపించింది. పక్కనే ఉండి చూస్తూ తమ వంతు కోసం ఆగినవాళ్ళలో, వాటి బొమ్మలు మాత్రమే చూసినవాళ్ళలో అంత తగ్గలేదు. నాకిది నమ్మబుద్ధి అవుతుంది. జంతువు చెయ్యి కింద ఉన్నప్పుడు దాని మెడ ఎటు తిరుగుతోంది, చెవులు ఎలా పెట్టింది అని చూసుకోవాలి. రేపటి గురించి బెంగ పెట్టుకునే ఖాళీ ఉండదు. పైగా గేదె మనల్ని ఏమీ అడగదు. "ఇప్పుడెలా ఉంది? తగ్గిందా?" అని రోజూ అడిగే మాలాంటి వాళ్ళ మధ్య నుంచి వచ్చిన వాడికి అది ఎంత విశ్రాంతో నాకు అక్కడే అర్థమైంది.

బయల్దేరేటప్పుడు ఇంటావిడ పూతరేకుల పొట్లం చేతిలో పెట్టి, "మళ్ళీ రండి బాబూ, దూడ మిమ్మల్ని మర్చిపోదు," అన్నారు. డబ్బిస్తే తీసుకోలేదు.

కాకినాడలో మాత్రం రాత్రి పాడైపోయింది. మేం దిగిన లాడ్జికి ఎదురుగా ఫంక్షన్ హాలు. అర్ధరాత్రి దాటేదాకా డీజే మోత, కిటికీ అద్దాలు అదిరాయి. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. వాడికి మళ్ళీ దడ మొదలైంది. డాక్టరు చెప్పిన పద్ధతిలో ఊపిరి నెమ్మదిగా వదులుతూ కూర్చున్నాం ఇద్దరం. ఇలాంటి మనిషితో వెళ్తున్నప్పుడు గది బుక్ చేసేముందు ఫోన్ చేసి, పక్కన కల్యాణమండపం గానీ మెయిన్ రోడ్డు గానీ ఉందా అని అడగండి. మంచం, బాత్రూమ్ ఫొటోలు చూస్తే ఆ సంగతి తెలియదు.

మర్నాడు పొద్దున కోరంగి మడ అడవి. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అభయారణ్యం, 1978 నుంచీ ఉంది. చొల్లంగి దగ్గర లోపలికి చెక్క బాట వేశారు. చదునుగా, నీడలో నడవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళూ నడవగలరు. నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి వేలెడేసి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, చెట్టు వాటితోనే గాలి పీల్చుకుంటుంది. కింద బురదలో చిన్న చిన్న పీతలు. మగదానికి ఒక చెయ్యి ఒళ్ళంత పెద్దది, దాన్ని పైకెత్తి దించుతూ ఉంటుంది. మేమిద్దరం చెక్కల మీద బోర్లా పడుకుని చూశాం. బురద మీద గెంతే చేపలు, లకుముకిపిట్టలు కనిపించాయి. నీటికుక్కలు, చేపలు పట్టుకు తినే బావురుపిల్లులు కూడా ఈ అడవిలో ఉన్నాయి గానీ బావురుపిల్లి రాత్రి తిరిగేది, దాని మీద ఆశ పెట్టుకుని వెళ్ళకండి. బోటు ఆటుపోట్లని బట్టి నడుస్తుంది. దోమలకి రాసుకునే క్రీము తప్పనిసరి. రాత్రి నిద్రలేక వచ్చినవాడు ఆ నీడలో రెండు గంటలు ఉండి బయటికొచ్చాక ఇడ్లీ తింటానన్నాడు. నాకంతకన్నా రుజువు అక్కర్లేదు.

మారేడుమిల్లి గురించి అందరూ చెప్తారు. నేను కొంచెం వేరుగా చెప్పాల్సి వస్తోంది. అడవి అందంలో దేనికీ తీసిపోదు. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా ఘాట్ ఎక్కుతుంటే వెదురు పొదలు, మంచు. కానీ మేం వెళ్ళింది శనివారం. జలతరంగిణి జలపాతం దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి, ప్రతి కారులోంచీ ఒక పాట. కోతులకి చిప్స్ విసిరి వీడియోలు తీస్తున్నారు. కోతి ఒక పిల్ల చేతిలోంచి ప్యాకెట్ లాక్కుంటే ఆ పిల్ల ఏడుపు, వాళ్ళ నాన్న కర్ర, అంతా గందరగోళం. ఆ కోతులకీ మంచిది కాదు, మనకీ కాదు. పైగా లోపలికి వెళ్ళేకొద్దీ ఫోన్ సిగ్నల్ పోతుంది. చాలామందికి అది హాయి. మా వాడికి మాత్రం "డాక్టరుకి ఫోన్ కలవదు" అనగానే టెన్షన్. మలుపులకి వాంతి వచ్చినట్టు కూడా అయింది. సోమవారం పొద్దున జనం దిగిపోయాక అదే అడవి వేరేలా ఉంది. ఒక బెట్టుడుత, అదే పెద్ద అడవి ఉడుత, కొమ్మ మీద బారుగా పడుకుని తోక వేలాడేసి ఉంది, చాలాసేపు చూశాం. వెళ్తే వారం మధ్యలో వెళ్ళండి, జబ్బు కాస్త కుదుటపడ్డాక వెళ్ళండి. మొదటి ప్రయాణమే ఇది పెట్టుకోవద్దు.

తిరిగొచ్చాక వాడు కుక్కపిల్లని తెచ్చుకుంటానన్నాడు. ఇప్పుడే వద్దన్నాను, డాక్టరు కూడా అదే అన్నారు. నైట్ షిఫ్టు మారాలి, నిద్ర గాడిలో పడాలి. ఒంటరి ఫ్లాట్‌లో పొద్దంతా కట్టేసి ఉంచితే ఆ కుక్కకీ మనసుంటుంది కదా. అప్పటిదాకా పొద్దున్నే నైట్ షిఫ్టు దిగగానే కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళి నడుస్తున్నాడు. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలతో 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్ళు ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పే అవకాశం ఎక్కువని తేలింది. ఒకేసారి గడిపినా, ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా లేదట. అందుకే నాకు మారేడుమిల్లి కన్నా, వాడి గదికి దగ్గర్లో ఉన్న ఆ తోట మీదే ఎక్కువ నమ్మకం.

ఇదే దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి: ఆటపాకకి శీతాకాలంలో వెళ్ళండి, ఎండాకాలం పక్షులు పలచబడతాయి. గోదావరి పల్లెల్లో సంక్రాంతి వారం గదులు దొరకవు, కోడిపందాల హడావిడి కూడా ఎక్కువ. మందులు రెండు చోట్ల సర్దండి, చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచండి. దారిలో మనసు మరీ అదుపు తప్పినట్టుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు వెంట వెళ్ళే మనిషి ఫోన్‌లో కూడా ఉండాలి.