ఆర్6 మార్క్ 3కి మారాలా, ఉన్న మార్క్ 2తోనే సాగాలా?

2025 నవంబరు 6న కెనన్ కంపెనీ ఈఓఎస్ ఆర్6 మార్క్ 3 కెమెరాను ప్రకటించింది. అప్పటి నుంచి దాని ముందు మోడల్ మార్క్ 2 వాడుతున్నవాళ్ళ నోట ఒకటే మాట: మారదామా, ఆగుదామా? నా చేతిలో ఉన్నదీ మార్క్ 2నే కాబట్టి ఈ ప్రశ్న నాకూ తప్పలేదు. స్పెసిఫికేషన్ల పట్టిక ముందేసుకుని కూర్చుంటే దాదాపు ప్రతి వరుసలోనూ కొత్తదే పైచేయి. పట్టిక మూసేసి మనం తీసిన ఫొటోలు ముందేసుకుంటే మాత్రం లెక్క వేరేగా తేలుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీడియో పని ఉన్నవాళ్ళకు మార్క్ 3 నిజంగా పెద్ద మార్పు. ఫొటోలు మాత్రమే తీసేవాళ్ళకు, అందులోనూ ఇప్పటికే మార్క్ 2 ఉన్నవాళ్ళకు, అంత ఖర్చు పెట్టాల్సినంత తేడా లేదు. పక్షులు, జంతువులు, ఆటలు తీసేవాళ్ళని మాత్రం ఈ మాట నుంచి మినహాయిస్తాను. 2020లో వచ్చిన మొదటి ఆర్6నే ఇంకా వాడుతున్నవాళ్ళ సంగతి మళ్ళీ వేరు. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

మెగాపిక్సెళ్ళు పెరిగింది ఎంత?

మార్క్ 2లో 24.2 మెగాపిక్సెళ్ళు, మార్క్ 3లో 32.5. మూడో వంతు పెరిగిందనగానే మనసు అటు లాగేస్తుంది. కానీ మెగాపిక్సెళ్ళు చెప్పేది విస్తీర్ణం. ఫొటో కొలతలు చూడండి: మార్క్ 2 ఫొటో 6000 పిక్సెళ్ళ వెడల్పు, 4000 ఎత్తు. మార్క్ 3 ఫొటో 6960 వెడల్పు, 4640 ఎత్తు. అంటే ఒక్కో వైపు పెరిగింది 16 శాతమే. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింటు తీస్తే మొదటిది 20 అంగుళాల వెడల్పు వస్తుంది, రెండోది 23 అంగుళాలు దాటుతుంది. రెండింటినీ ఒకే సైజులో ప్రింటు వేయించి గోడకు తగిలిస్తే ఏది ఏ కెమెరాదో చెప్పడం ఎవరికైనా కష్టమే. ఫోన్‌లో చూసే ఫొటోల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ 16 శాతానికి అసలు విలువ వచ్చేది క్రాప్ చేసేటప్పుడు. చెట్టు చివర కూర్చున్న పక్షిని 500 ఎంఎం లెన్సుతో తీశారనుకోండి. మార్క్ 3లో ఆ పక్షి మీద పడే పిక్సెళ్ళు మార్క్ 2లోనూ పడాలంటే 580 ఎంఎం లెన్సు కావాలి. సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే వాడే 1.6 క్రాప్ మోడ్ పెట్టుకుంటే మార్క్ 2లో మిగిలేది దాదాపు 9.5 మెగాపిక్సెళ్ళు, మార్క్ 3లో 12.7. మొదటి ఆర్6లో అయితే 8 కూడా ఉండవు. లెన్సు ఎంత పొడుగుదైనా చాలక ప్రతి ఫొటోనూ సగానికి పైగా కోసుకునేవాళ్ళకు ఇది రోజూ కనిపించే లాభం. ఫ్రేము నిండా మనుషుల్ని పెట్టి పెళ్ళిళ్ళు, పోర్ట్రెయిట్‌లు తీసేవాళ్ళకు దీనివల్ల ఒరిగేది తక్కువ. పైగా ఫైళ్ళు కూడా దాదాపు మూడో వంతు బరువెక్కుతాయి.

పిక్సెళ్ళు చిన్నవయ్యాయి కదా, చీకట్లో నాయిస్ (ఫొటోలో గరుకుగా కనిపించే చుక్కలు) పెరుగుతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. ఒకే సైజులో పెట్టి చూస్తే సెన్సర్ మీద పడిన మొత్తం వెలుతురే లెక్కలోకి వస్తుంది. రెండూ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లే, అంటే ఒకే సైజువి. మామూలు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పరిమితి 1,02,400 నుంచి 64,000కి తగ్గడం కాగితం మీద వెనకడుగులా కనిపించినా, ఆ ఎత్తులో ఎవరూ ఇష్టపడి ఫొటోలు తీయరు. 

నొక్కకముందే తీసే ఫొటో

ఫొటోల వరకు మార్క్ 3లో నాకు నిజంగా ఆశ పుట్టించింది ప్రీ-కంటిన్యువస్ షూటింగ్. షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకుంటే కెమెరా లోపల ఫ్రేములు తీస్తూ పాతవి వదిలేస్తూ ఉంటుంది. పూర్తిగా నొక్కిన క్షణంలో, అంతకు ముందరి 20 ఫ్రేముల వరకు కార్డు మీదికి చేరతాయి. సెకనుకు 40 ఫ్రేముల వేగంలో అది అర సెకను. కంటికి కదలిక తెలిసి వేలు బటన్ నొక్కేసరికి పావు సెకను దాకా పడుతుంది. లకుముకి పిట్ట కొమ్మ వదిలి నీళ్ళ మీదికి దూకేటప్పుడు ఆ పావు సెకనులోనే రెక్కలు విప్పడం అయిపోతుంది. మనకు మిగిలేది ఖాళీ కొమ్మ, ఫ్రేము అంచున సగం తోక. ఎంత అనుభవమున్న చెయ్యి అయినా దాటలేని హద్దు ఇది. కెమెరా ఒక్కటే దాటించగలదు.

మార్క్ 2లో ఇది అసలు లేదనలేం. రా బర్స్ట్ మోడ్ (ప్రాసెస్ చేయని రా ఫొటోలను వరసగా తీసే పద్ధతి) ఉంది: సెకనుకు 30 ఫ్రేములు, అర సెకను ముందు నుంచి. కానీ ఆ బర్స్ట్ అంతా ఒకే పెద్ద ఫైలుగా చుట్టుకుపోయి వస్తుంది. అందులోంచి కావలసిన ఫ్రేమును కెమెరాలోనో కెనన్ సాఫ్ట్‌వేర్‌లోనో ఒక్కొక్కటిగా బయటికి తీయాలి. పొద్దంతా తీసి ఇంటికొచ్చి ఈ పని పెట్టుకుంటే రెండో రోజుకే విసుగొస్తుంది. మార్క్ 3లో మామూలు బర్స్ట్‌లాగే విడివిడి ఫైళ్ళు వస్తాయి. కార్డు మీదికి చేరేలోపు ఫ్రేములు ఆగే తాత్కాలిక మెమరీ, అంటే బఫర్ కూడా పెరిగింది. మార్క్ 2 సెకనుకు 40 ఫ్రేముల వేగంలో సుమారు 75 రా ఫైళ్ళకు నెమ్మదిస్తుంది, అంటే రెండు సెకన్ల లోపే. మార్క్ 3కి వేగమైన కార్డు వేస్తే సుమారు 150 వరకు సాగుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మార్క్ 3 సెన్సర్ స్టాక్డ్ రకం (చాలా వేగంగా చదవగలిగేది) కాదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా చదవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి వేగంగా ఊగే బ్యాటు, వేగంగా కొట్టుకునే రెక్క వంగినట్టు పడే అవకాశం ఉంటుంది. కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డచారలు రావచ్చు. ప్రీ-కంటిన్యువస్ పనిచేసేది ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనే కనుక ఈ ఇబ్బంది దాని వెంటే వస్తుంది. ఇది అస్సలు కుదరదనుకునేవాళ్ళు చూడాల్సింది 2024 జూలైలో ప్రకటించిన ఆర్5 మార్క్ 2. దానిది 45 మెగాపిక్సెళ్ళ స్టాక్డ్ సెన్సర్. ఖర్చూ అందుకు తగ్గట్టే ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. మెకానికల్ షట్టర్ వేగం మారలేదు, సెకనుకు 12 ఫ్రేములే. వ్యూఫైండర్ అదే 36.9 లక్షల చుక్కలది. దీన్ని పెంచి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రోజంతా కన్ను ఆనించేది దానికే. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ 8 స్టాపుల నుంచి 8.5కి పెరిగింది. చేతిలో ఆ అర స్టాపు తేడా తెలియదు. ఆటోఫోకస్‌లో ముందే నమోదు చేసుకున్న ముఖాలకు ప్రాధాన్యమిచ్చే సౌకర్యం వచ్చింది. గుంపులో పెళ్ళికూతుర్ని వదలకుండా పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. కానీ మార్క్ 2 ఆటోఫోకస్ ఇప్పటికే ఎంత బాగుందంటే, ఫోకస్ తప్పిందని దాన్ని మార్చేవాళ్ళు అరుదు.

అదే రోజు వచ్చిన లెన్సు

మార్క్ 3తో పాటు అదే రోజు కెనన్ ఆర్ఎఫ్ 45 ఎంఎం ఎఫ్/1.2 ఎస్‌టీఎం లెన్సునూ ప్రకటించింది. మార్క్ 2 ఉన్నవాళ్ళు కెమెరాకన్నా ముందు చూడాల్సింది దీన్నే అంటాను. చాలామంది మార్క్ 2ని 24-105 ఎఫ్/4 లెన్సుతో వాడుతుంటారు. ఎఫ్ పక్క అంకె ఎంత తగ్గితే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తెస్తుంది. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/1.2 లోపలికి తెచ్చే వెలుతురు 11 రెట్లు. సాయంత్రం గదిలో పసిపాపను తీయడానికి ఎఫ్/4 దగ్గర 12,800 ఐఎస్ఓ కావలసివస్తే, అదే షట్టర్ వేగంతో ఎఫ్/1.2 దగ్గర 1,200 లోపే సరిపోతుంది. ఈ తేడా కళ్ళజోడు తీసేసి చూసినా కనిపిస్తుంది. కెమెరా బాడీ మార్చి సంపాదించగలిగిన నాయిస్ తేడా దీని దరిదాపులకు కూడా రాదు.

ఈ లెన్సుకూ లోపాలున్నాయి. లోపల స్టెబిలైజేషన్ లేదు, ఆ పని బాడీయే చూసుకోవాలి. వానకు, దుమ్ముకు తట్టుకునే సీలింగ్ లేదు. ఎఫ్/1.2 దగ్గర ఫోకస్ లోతు బాగా పలచన కాబట్టి ఒక కన్ను స్ఫుటంగా ఉండి రెండో కన్ను మసకబారిపోవచ్చు. పదిమంది నిలబడ్డ గ్రూపు ఫొటోకు ఎలాగూ ఎపర్చర్ మూసుకోవాల్సిందే. అయినా సరే, ఫొటో రూపమే మారాలనుకునేవాళ్ళకు తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు ఇక్కడే దొరుకుతుంది.

వీడియో దగ్గర కథ మారుతుంది

మార్క్ 2 వీడియోలో తక్కువదేమీ కాదు. సెన్సర్ పూర్తి వెడల్పు నుంచి, 6కే (దాదాపు 6,000 పిక్సెళ్ళ వెడల్పు) వివరంతో చదివి తీసే 4కే 60 ఫ్రేముల వీడియో ఇప్పటికీ చాలా పనులకు సరిపోతుంది. కానీ మార్క్ 3లో 7కే రా వీడియో సెకనుకు 60 ఫ్రేముల దాకా కెమెరా లోపలే రికార్డవుతుంది. మార్క్ 2లో రా కావాలంటే బయట రికార్డర్ తగిలించుకోవాలి, అదీ ఇట్టే ఊడిపోయే మైక్రో హెచ్‌డీఎంఐ తీగతో. మార్క్ 3కి పూర్తి సైజు హెచ్‌డీఎంఐ పోర్టు ఇచ్చారు. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) మీద పని చేసేవాళ్ళకు ఈ ఒక్క మార్పు విలువ ఎంతో వాళ్ళకే తెలుసు. స్లో మోషన్‌కు 4కే 120 ఫ్రేములు వచ్చాయి. రంగులు తర్వాత సరిదిద్దుకోవడానికి వీలిచ్చే ప్రొఫైళ్ళలో సీ-లాగ్ 3తో పాటు సీ-లాగ్ 2 కూడా చేరింది. 

అన్నిటికన్నా ముఖ్యం ఓపెన్ గేట్. 3:2 సెన్సర్ మొత్తాన్నీ 7కేలో సెకనుకు 30 ఫ్రేముల దాకా రికార్డు చేయవచ్చు. ఒకే షాట్ నుంచి అడ్డంగా ఒక వీడియో, నిలువుగా ఒక రీలు కోసుకోవచ్చు. క్లయింటు రెండూ అడుగుతున్న ఈ రోజుల్లో ప్రతి సన్నివేశాన్నీ రెండుసార్లు తీయాల్సిన పని తప్పుతుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన సినిమా కెమెరా సీ50లో ఉన్నదీ 32.5 మెగాపిక్సెళ్ళ సెన్సరే. తేడా ఏమిటంటే దానికి చల్లబరిచే ఫ్యాన్ ఉంది, మార్క్ 3కి లేదు. ఎండలో 7కేలో గంటల తరబడి తీయాలనుకునేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. 

బాడీ ధరతో ఖర్చు ఆగదు

మార్క్ 2లో రెండూ ఎస్‌డీ స్లాట్లే. మార్క్ 3లో ఒకటి సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బీ, రెండోది ఎస్‌డీ. అంటే కొత్త కార్డులు కొనాలి, వాటికో కార్డ్ రీడర్ కొనాలి. పైగా పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు భద్రత కోసం ప్రతి రా ఫైలునూ రెండు కార్డుల మీదికీ ఒకేసారి రాస్తారు. అలా రాసేటప్పుడు వేగాన్ని నిర్ణయించేది నెమ్మదిగా ఉన్న ఎస్‌డీ కార్డే. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ వేగానికి డబ్బు పోసి దాన్ని వాడుకోలేని పరిస్థితి ఇది. బ్యాటరీ ఎల్‌పీ-ఈ6పీ. పాత ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ బ్యాటరీలు పట్టినా కొన్ని ఫీచర్లకు పరిమితులుంటాయి. ఇక 7కే రా వీడియో మొదలుపెడితే హార్డ్ డిస్కులు, కంప్యూటర్ సత్తువ కూడా లెక్కలోకి వస్తాయి. 

అందుకే నిర్ణయించుకునే ముందు ఒక పని చేయమంటాను. ఇటీవల మీరు పక్కన పడేసిన ఫొటోలు తిరగేసి, ఒక్కోదాన్ని ఎందుకు వద్దనుకున్నారో రాసుకోండి. క్షణం దాటిపోయిందని ఎక్కువసార్లు రాయాల్సి వస్తే మార్క్ 3 మీకు పనికొస్తుంది. క్రాప్ చేస్తే వివరం మిగల్లేదని రాస్తే, దానికన్నా ముందు పొడుగు లెన్సు ధర కనుక్కోండి. నాయిస్, చీకటి అని రాస్తే వెలుతురు ఎక్కువ తెచ్చే లెన్సో, ఫ్లాషో కొనాలి. వెనక చెత్త పడింది, కళ్ళు మూశారు, వెలుగు నెత్తి మీద ఉంది అని రాస్తే ఏ కెమెరా కొన్నా అవే ఫొటోలు వస్తాయి. నా జాబితాలో చీకటే ఎక్కువసార్లు వచ్చింది కాబట్టి నేను మార్క్ 2నే ఉంచుకుని 45 ఎంఎం లెన్సు వైపు వెళ్తున్నాను.

మొదటి ఆర్6 ఉన్నవాళ్ళకు

మీ చేతిలో ఉన్నది 2020 నాటి ఆర్6 అయితే మారడానికి కారణాలు గట్టివే. 20.1 మెగాపిక్సెళ్ళు, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకు 20 ఫ్రేములు, అరగంటకు ఆగిపోయే వీడియో, 4కే 60లో త్వరగా వేడెక్కడం: ఇవన్నీ మార్క్ 2తోనే చాలావరకు తీరిపోయాయి. గుర్రాలు, రైళ్ళు, విమానాలు గుర్తుపట్టే ఆటోఫోకస్ కూడా దానితోనే వచ్చింది. మీ ఎస్‌డీ కార్డులు, ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ బ్యాటరీలు, బీజీ-ఆర్10 బ్యాటరీ గ్రిప్ యథాతథంగా పనిచేస్తాయి. కొత్త మోడల్ రాగానే కొత్తదానికి మారేవాళ్ళు తమ మార్క్ 2లను అమ్మకానికి పెడతారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో బేరం కుదిరే సమయం ఇది. వీడియోయే జీవనాధారమైతే మాత్రం మధ్యలో ఆగకుండా నేరుగా మార్క్ 3కి వెళ్ళడం మేలు.

సెకండ్ హ్యాండ్ బాడీ తీసుకునేటప్పుడు మీ లెన్సు, మీ కార్డులు వెంట తీసుకెళ్ళండి. ఎఫ్/16 పెట్టి తెల్లగోడను తీసి, జూమ్ చేసి సెన్సర్ మీద మరకలున్నాయేమో చూడండి. రెండు స్లాట్లలోనూ కార్డు పెట్టి రాయించి చూడండి. నెమ్మది షట్టర్‌తో చేత్తో పట్టుకుని నాలుగు ఫొటోలు తీస్తే స్టెబిలైజేషన్ సంగతి తెలుస్తుంది. తెర మడత దగ్గర వదులుగా ఉందేమో, మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టు ఊగుతోందేమో వేలితో కదిపి చూడండి. ఆ పోర్టు పాడైన బాడీని వీడియో కోసం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.