జొన్న రొట్టెనా, రేషన్ బియ్యమా?

నల్గొండ జిల్లా దేవరకొండ, చందంపేట తండాల్లో ఒకప్పుడు పూటపూటకూ జొన్న రొట్టే. ఇప్పుడు కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం, అరగంటలో అన్నం. సుళువులో బియ్యానిదే పైచేయి, వాదన లేదు.

బలంలో మాత్రం జొన్నదే. 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 లోపే. జొన్న చెల్కలో, అంటే ఎర్ర మెట్ట నేలలో, వాన మీదే పండుతుంది, చొప్ప పశువులకు మేత. వరికైతే బోరు ఆగకుండా పొయ్యాలి.

చిక్కంతా రొట్టె చెయ్యడంలోనే. జొన్నపిండికి గోధుమపిండి జిగురు ఉండదు. చన్నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి. మసిలే నీళ్లు పోసి, చెయ్యి ఓర్చుకునే వేడి ఉండగానే బాగా పిసకాలి. పెంక మీద వేశాక పైన తడిగుడ్డ అద్దాలి. పిండి పాతదైతే ఎంత పిసికినా విరుగుతుంది, పైగా చేదు. 10 రోజులకు సరిపడానే గిర్నీ పట్టించుకోవాలి.