అడ్మిషన్ అప్పీలు కోసం చేయించిన అసెస్‌మెంట్: మారతహళ్లి కేంద్రంపై మా అభిప్రాయం

బెంగళూరులో ఒక ప్రైవేటు పాఠశాల మా అబ్బాయి చేత రాతపరీక్ష రాయించి, చదవడంలో వెనకబడ్డాడన్న కారణంతో నాలుగో తరగతిలో సీటు నిరాకరించింది. యాజమాన్యానికి అప్పీలు పెట్టుకునేందుకు ఆధారంగా మారతహళ్లిలోని ఒక సైకాలజీ కేంద్రంలో సైకో ఎడ్యుకేషనల్ అసెస్‌మెంట్ (పిల్లల తెలివితేటలను, చదువులోని ఇబ్బందులను పరీక్షలతో అంచనా వేయడం) చేయించాము. పరీక్షలు చేసిన తీరుకు పూర్తి మార్కులు వేస్తాను; రిపోర్టు రాసిన తీరుకు వేయలేను.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, వీధిలో కన్నడ వినే పిల్లవాడికి చదవడం రాకపోతే, అది భాష కొత్త కావడం వల్లనా, డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన లోపం) వల్లనా అని తేల్చడం తేలిక కాదు. అక్కడి సైకాలజిస్టు ఐక్యూ పరీక్షతోనూ, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన ఎస్ఎల్‌డీ బ్యాటరీ (నిర్దిష్ట అభ్యసన లోపాలను గుర్తించే పరీక్షల సమాహారం)తోనూ సరిపెట్టకుండా, తెలుగు తెలిసిన సహాయకురాలి చేత కొన్ని మాటలు డిక్టేషన్ చెప్పించారు. మావాడు ‘పువ్వు’ను ‘పువు’ అనీ, ‘అన్నం’ను ‘అనం’ అనీ రాశాడు; ఇంగ్లిషులోనూ అక్షరాలు అలాగే జారవిడిచాడు. నోటితో అడిగిన లెక్కలకు మాత్రం తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఇబ్బంది రెండు భాషల్లోనూ కనిపించిందన్న ఆ ఒక్క పేరా అప్పీలులో మాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకు వచ్చింది.

తొలి రిపోర్టులో మాత్రం స్కోర్ల పట్టికల తరువాత ‘ప్రత్యేక శ్రద్ధ అవసరం’ వంటి వాక్యాలే ఉన్నాయి. ఏ ప్రిన్సిపాలైనా వాటిని చదివి, అంత శ్రద్ధ తమవల్ల కాదని తప్పుకోవచ్చు. మేము పట్టుబట్టిన మీదట అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించడం, బోర్డు మీది పాఠానికి ముద్రించిన ప్రతి ఇవ్వడం అని విడమరిచి రాసి ఇచ్చారు. అడగకముందే చేయవలసిన పని అది, ఫీజు కూడా తక్కువేమీ కాదు.

గుర్తింపు పొందిన పాఠశాలలు వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా చూడాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్, అడ్మిషన్‌కు వడపోత పరీక్షలు పెట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ చెబుతున్నాయి. ఈ రెండింటినీ ఉటంకిస్తూ, సవరించిన రిపోర్టును జతచేసి పెట్టిన అప్పీలును యాజమాన్యం అంగీకరించింది.

వెళ్లదలచినవారు సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడగండి. ఆ నంబరు, సంతకం రిపోర్టు మీద ఉండాలి. ఈ రిపోర్టు వైకల్య ధ్రువపత్రం కాదు. ఆ ధ్రువపత్రాన్ని ప్రభుత్వం నియమించిన వైద్యాధికారుల వద్ద విడిగా తీసుకోవలసిందే. అప్పీలు గడువు దగ్గరపడితే ఈ కేంద్రాన్ని నమ్ముకోవద్దు, రిపోర్టు చేతికి రావడానికి వారాలు పడుతుంది.