సైకిల్ షాపు అట్టపెట్టె, రైలు పార్సిల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మనాలీ, లేహ్ వైపు తొక్కడానికని హైదరాబాద్ నుంచి ఢిల్లీ, చండీగఢ్ వైపు సైకిల్ పంపడానికి వాడినవాటిలో మనసారా మెచ్చుకోగలిగింది ఒక్కటే: కొత్త సైకిళ్లు దిగే అట్టపెట్టె. షాపు వెనక మడిచి పడేసి ఉంటుంది. అడిగితే ఊరికే ఇస్తారు, లేదంటే వందో రెండొందలో తీసుకుంటారు. వేలు పోసి కొన్న మెత్తటి బ్యాగు చేయలేని పని ఇది చేస్తుంది: తనంతట తాను నిలువుగా నిలబడుతుంది. నిలబడ్డ పెట్టెను లోడింగు చేసేవాళ్లు గోడకు ఆనిస్తారు. నిలబడని బ్యాగును పడుకోబెడతారు, దాని మీద బస్తాలు పేరుస్తారు. బ్యాగులో ఎంత ఫోమ్ ఉన్నా పై నుంచి పడే బరువుకు అది జవాబు కాదు.

పెట్టె 5 పొరల అట్టది అయి ఉండాలి. కొలత సుమారు 140 × 20 × 75 సెంటీమీటర్లు. కొరియర్ వాళ్ల దగ్గర ఈ కొలతే కొంప ముంచుతుంది, వాళ్లు అసలు బరువుకు కాక పెట్టె కొలతల నుంచి కట్టిన బరువుకు డబ్బు తీసుకుంటారు. ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తే 42 వస్తుంది. అంటే 12 కిలోల సైకిల్‌కు 42 కిలోల డబ్బు కట్టాలి. రెండు చక్రాలూ విప్పి, పెట్టెను 120 × 25 × 70కి కోసి అతికించినా లెక్క మళ్లీ 42 కిలోలే. వెడల్పు పెరిగింది కాబట్టి లాభమేమీ లేదు. అందుకే వెనక చక్రం విప్పకుండా సన్నటి పెట్టెలోనే పంపడం నయం. రైల్వే పార్సిల్‌లోనూ కొలతలు చూస్తారు గానీ, అదే పెట్టెకు, అదే దూరానికి కొరియర్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

ఇక పెట్టెను నమ్ముకుంటే సరిపోదని తేల్చిన సంగతి. ఒక రవాణా సంస్థ ద్వారా దిగిన పెట్టె మీద చిన్న గీత కూడా లేదు, మూలలు నలగలేదు. లోపల మాత్రం వెనక గేరు డిరైలర్‌ను (చైన్‌ను ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చేది) పట్టుకునే హ్యాంగర్ లోపలికి వంగిపోయి ఉంది. పెట్టెను కుడివైపు పడుకోబెట్టి పైన బరువు పెట్టారన్నమాట. సైకిల్ కుడివైపున అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చేది డిరైలరే. అట్ట వంగి మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది, హ్యాంగర్ రాదు. అది మెత్తటి అల్యూమినియంతో చేసిన ముక్క. ఫ్రేము విరగకుండా ముందు తాను వంగడానికే ఉంది.

దీనిలో అసలు ప్రమాదం కంటికి కనిపించకపోవడమే. చదును రోడ్డు మీద చిన్న పళ్ల చక్రాల్లో గేర్లు మామూలుగానే పడతాయి. కొండ ఎక్కేటప్పుడు అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి మార్చగానే డిరైలర్ పంజరం (దాని రెండు చిన్న చక్రాలుండే భాగం) చక్రం పుల్లలకు, అంటే స్పోకులకు, తగులుతుంది, చక్రం దాన్ని లాగేసుకుంటుంది. డిరైలర్, చైను, పుల్లలు ఒకేసారి పోతాయి. అందుకే పెట్టె విప్పాక తొక్కబోయే ముందు వెనక చక్రం పైకెత్తి, పెడల్ చేత్తో మెల్లగా తిప్పుతూ పెద్ద చక్రం దాకా మార్చి చూడాలి. వెనక నుంచి చూస్తే డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్ల చక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం పుల్లల వైపు వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టే.

మందు చాలా సులువు, ఖర్చు లేనిది. 5 మి.మీ. అలెన్ కీతో డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పాలి. కేబుల్ జోలికి పోకూడదు. డిరైలర్‌ను గుడ్డలోనో బబుల్ షీటులోనో చుట్టి, చైన్‌తో సహా ఫ్రేము వెనక త్రికోణం లోపలికి తోసి జిప్ టైతో కట్టేయాలి. తిరిగి బిగించేటప్పుడు బోల్టును ముందు చేత్తో ఎదురు దిశలో తిప్పి, మర కుదిరాకే బిగించాలి. మెత్తటి హ్యాంగర్‌లో మర తప్పితే ఆ ముక్క పనికిరాదు. డిరైలర్ వెనక ఉండే చిన్న నాలుక హ్యాంగర్ మెట్టుకు వెనక కూర్చోవాలి. 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. కేబుల్ కదల్లేదు కాబట్టి గేర్లు మళ్లీ సర్దక్కర్లేదు. అయినా మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఒకటి అదనంగా వెంట ఉంచుకోండి. ఫ్రేము మోడల్‌ను బట్టి అది మారుతుంది. మనాలీలోనో లేహ్‌లోనో మీది దొరుకుతుందని ఆశపడొద్దు.

మిగతావి అందరికీ తెలిసినవే. నాలుగు మాత్రం చెప్పాలి. ముందు చక్రం విప్పాక ఫోర్కు కాళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టండి. పాత తరహా ఇరుసుకు 100 మి.మీ.ది. పెట్టెతో పాటు షాపులో అడిగితే ఇస్తారు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకైతే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క తప్పదు; లేకపోతే దారిలో బ్రేకు నొక్కుకుపోయి ప్యాడ్లు మూసుకుంటాయి. ఫ్రేముకు ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి తొడిగితే బబుల్ షీటు కంటే బాగా నిలుస్తుంది. టైర్లలో గాలి పూర్తిగా తీయకండి. రిమ్ముకు రక్షణ అదే.

మొదట్లో పెట్టెను మెచ్చుకున్నాను కదా, అది పొడి కాలానికి సంబంధించిన మాట. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కథ వేరు. ప్లాట్‌ఫారం మీద తడిసిన అట్ట నిలబడే గుణమే పోగొట్టుకుంటుంది, గోధుమరంగు టేపు ఊడుతుంది, అడుగున కొట్టిన పిన్నులు విడిపోతాయి. వానాకాలంలో పెట్టెను ముందు పాలిథిన్ షీటుతో చుట్టించి, దానిపైన గోనెపట్టా కుట్టించాలి. పెద్ద స్టేషన్ల పార్సిల్ ఆఫీసు బయట ఈ పని చేసేవాళ్లు ఉంటారు. చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) పళ్లు దిగబడే చోట అడుగున రెండు అట్టలు అదనంగా వేయాలి. రానుపోను ప్రయాణానికి ఒక పెట్టె సరిపోతుంది, ఆ తర్వాత మూలలు మెత్తబడతాయి, కొత్తది తెచ్చుకోవాలి.

బుకింగులో ఒకటే పట్టుదల: రైలు మారకుండా నేరుగా వెళ్లే బండే ఎంచుకోవాలి. హైదరాబాద్ నుంచి న్యూఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ అలాంటివి. మధ్యలో దించి ఎక్కించే ప్రతిచోటా దెబ్బకూ ఆలస్యానికీ అవకాశం పెరుగుతుంది. మీరూ అదే రైల్లో వెళ్తుంటే టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయండి, అదే బండిలో వచ్చేలా. సైకిల్ బిల్లు నకలు, గుర్తింపు కార్డు ఉంచుకోండి. లారీలో పంపితే, వాడిన సైకిల్, సొంత వాడకానికి, అమ్మకానికి కాదు అని కాగితం మీద రాసివ్వండి. వాడిన సొంత సామానుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు తీసే పత్రం) అక్కర్లేదు. విలువ ప్రకటించి అదనపు చార్జీ కట్టకపోతే రైల్వే ఇచ్చే పరిహారం కిలోల లెక్కనే ఉంటుంది, సైకిల్ ధరతో పనిలేదు. దిగిన పార్సిల్‌ను గడువులో తీసుకోకపోతే వార్ఫేజ్, అంటే స్టేషన్లో ఉంచినందుకు రుసుము, కట్టాలి.

ఇదంతా అల్యూమినియం ఫ్రేము, కేబుల్ గేర్లు ఉన్న మధ్యరకం సైకిల్‌ను, పదిరోజులకు పైగా తొక్కడానికి పంపినప్పటి మాట. కార్బన్ ఫ్రేమును నేనైతే అట్టపెట్టెలో లగేజీ వ్యాగన్ ఎక్కించను, దానికి గట్టి కేసే కావాలి. మూడు నాలుగు రోజులే తొక్కేదైతే మనాలీలో అద్దెకు తీసుకోవడమే మేలు, అక్కడి సైకిల్ సైజు మీకు సరిపోతే.