బెజవాడ వాళ్లూ, ‘ఫ్యామిలీ ఆటోఇమ్యూన్ ప్యాకేజీ’ అంటే డబ్బులు కట్టకండి

ఒళ్లు మండిపోతా ఉంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. ల్యాబ్ పేరు రాయను, యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే బ్యాచే, మీలో చాలామందికి ఫోన్ వచ్చే ఉంటది. నాకు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను, నడుం బిగుసుకుపోయే కీళ్లవాతం, ఏళ్లుగా మందుల మీదే ఉన్నా, నా రిపోర్టులన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి కదా, అవి చూసే పట్టారు, "మీకున్నది బాబుకి వస్తదో రాదో ఇప్పుడే చెప్పేస్తాం సార్, లేటెస్ట్ టెక్నాలజీ" అని. 8,500. చదువుకున్న వెధవని, కట్టేశా.

లేటెస్ట్ అంట! దాంట్లో అసలు సరుకు హెచ్ఎల్ఏ బి27 అనే జీన్ ఉందో లేదో చూసే టెస్టు ఒక్కటే, ఆ జీన్‌కీ ఈ జబ్బుకీ లింకుందని 1973లోనే తేలింది. మిగతాదంతా విటమిన్ డి, థైరాయిడ్, రంగురంగుల పేజీలు.

పాజిటివ్ వచ్చింది. అదీ కాదు నా మంట. రిపోర్ట్ వివరిస్తాం రండి అని పిలిచి, కౌన్సెలర్ అంట, ఏడో క్లాసు పిల్లాడు పక్కనే కూర్చుని వింటుంటే, "వచ్చేసింది సార్, మీ నుంచే, ఇంకో పదేళ్లలో ఈ బాబు నడుం కూడా మీలాగే బిగుసుకుపోద్ది" అంది. నవ్వుతా! వాడు తల తిప్పి నేను ఎలా కూర్చున్నానో చూశాడు. నేను తేరుకునేలోపే డ్రాయర్‌లోంచి ఇంకో కాగితం తీసింది, ఇమ్యూనిటీ పౌడర్‌తో కలిపి ఏడాది ప్లాన్, నెలనెలా కట్టుకోవచ్చంట. డాక్టర్‌కి చూపించాలా అంటే "వాళ్లు జబ్బు వచ్చాక చూస్తారు సార్, మేం రాకుండా చూస్తాం". అబ్బో. అలా ఆపే పౌడర్ ఉంటే నేనిన్నేళ్లు ఇంజెక్షన్లు ఎందుకు పొడిపించుకున్నానో.

గుంటూరు కొత్తపేటలో నేను చూపించుకునే రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) గారైతే రిపోర్ట్ చూడగానే "నొప్పే లేని పిల్లాడికి ఇదెవరు చేయించమన్నారయ్యా" అని నన్నే కడిగేశారు. నాకు బి27 ఉందంటే వాడికి ఆ జీన్ రావడానికి ఎటూ సగానికి సగం ఛాన్స్ ఉందంట, కానీ జీన్ రావడం వేరు జబ్బు రావడం వేరు, మామూలు జనంలో బి27 ఉన్న వందమందిని తీసుకుంటే జబ్బు పడేది ఏ 5 మందో, అమ్మకో నాన్నకో ఉంటే రిస్క్ దానికంటే పెరుగుద్ది, అది నిజమే, అయినా ఎక్కువమందికి రాదు. ఇంకా బోలెడు జీన్లు కలవాలి, బయటి కారణాలు కూడా తోడవ్వాలి, అచ్చంగా ఒకే జీన్లున్న కవలల్లోనే ఒకళ్లకి వచ్చి రెండోవాళ్లకి రాకపోవచ్చు అన్నారు. ఇదంతా పక్కనుండి విన్నాక మావాడు అడిగింది ఒకటే, క్రికెట్ ఆడొచ్చా అని. ఆడరా బాబూ, ఇంకా ఎక్కువ ఆడు అన్నారాయన.

డబ్బులు వెనక్కి అడిగితే "రిపోర్ట్ ఇచ్చేశాం కదా సార్" అని కట్ చేశారు.

పిల్లలకి మడమ నొప్పి, మోకాలు వాపు, పొద్దున్నే నడుం పట్టేసి కాస్త తిరిగితే సర్దుకోవడం, కన్ను ఎర్రబడి నొప్పి, ఇలాంటివి కనపడితే నేరుగా రుమటాలజిస్ట్ దగ్గరికెళ్లండి, కన్నైతే ఆగకుండా కంటి డాక్టర్‌కి. టెస్టు కావాలో వద్దో వాళ్లు చెప్తారు. ఆ యాప్‌లో పిల్లల పేర్లు, వయసులు పెట్టుంటే తీసేయండి.