డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆల్ట్ బీరు: తాగేది ఒకచోట, తినేది ఇంకోచోట

హైదరాబాద్, బెంగళూరు మైక్రోబ్రూవరీలకు అలవాటుపడినవాళ్లకు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పాతబస్తీ బ్రూపబ్ మొదట్లో కాస్త తికమకగానే ఉంటుంది. ఆరు రకాల బీర్లు పేర్చిన శాంప్లర్ ట్రే ఉండదు, డీజే ఉండడు. కూర్చుని మెనూ కోసం చూసేలోపే గ్లాసు ముందుకొచ్చి పడుతుంది. ఇక్కడ రోజూ పోసేది ఒకటే బీరు, దాని పేరు ఆల్ట్. ఇక ఎంచుకునేదేముంది, ఎవరి ఆల్ట్ తాగాలన్నదే.

ఆల్ట్ రాగి రంగు దాటి గోధుమ రంగులోకి దిగిన బీరు. ఏల్ బీర్లకు వాడే, పైకి తేలి పులిసే ఈస్ట్‌నే దీనికీ వాడతారు. పులియడం 15 నుంచి 20 డిగ్రీల మధ్య జరుగుతుంది. ఆ తర్వాత లాగర్‌లాగా చల్లటి ట్యాంకుల్లో వారాల తరబడి నిలవ ఉంచుతారు. అందుకే ఏల్‌లో ఉండే పండు వాసన తగ్గిపోయి, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) రుచి, హాప్స్ పూల చేదు మాత్రం శుభ్రంగా మిగులుతాయి. ఆల్కహాల్ నాలుగున్నర నుంచి ఐదు శాతం. మన లాగర్లకు అలవాటైన నోటికి మొదటి గ్లాసు చేదుగానే తగులుతుంది. ఆ ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పేయకండి, రెండో గ్లాసులో మాల్ట్ తీపి తెలుస్తుంది.

బీరు కోసమే అయితే బెర్గర్ వీధిలోని ఊరిగెకు వెళ్లాలి. 1862 నుంచి ఉన్న చోటు. నాలుగు ప్రధాన బ్రూవరీల్లో చేదు ఎక్కువ దీనిదే, ఆల్కహాల్ 4.7 శాతం. మరిగించిన వోర్ట్‌ను, అంటే ఇంకా పులియని మాల్ట్ రసాన్ని, వెడల్పాటి లోతులేని తొట్టిలో పరిచి చల్లార్చే పాత పద్ధతిని ఇప్పటికీ వదల్లేదు. లోపల గదుల మీద గదులు. ఒకచోట నుంచి రాగి కాగులు కనిపిస్తాయి. అసలు చూడాల్సింది కౌంటర్ మీది చెక్క పీపా. కొళాయి తిప్పితే బీరు తన బరువుతో తానే దిగుతుంది, గ్యాస్ ఒత్తిడితో తోయరు. అందువల్ల నురగ మెత్తగా, చిక్కగా ఉంటుంది, గొంతులో గ్యాస్ గుచ్చుకోదు. అయితే ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. బీరు దిగినకొద్దీ పీపాలోకి గాలి వెళ్తుంది, ఆలస్యమైతే బీరు చప్పబడుతుంది. కాబట్టి పీపా త్వరగా ఖాళీ కావాలి, అంటే జనం ఉండాలి. ఊరిగె ముందు వీధంతా నిలబడి తాగేవాళ్లను చూసి వెనక్కి తిరగకండి, తాజా బీరుకు ఆ రద్దీయే హామీ. గ్లాసు పావు లీటరే ఉండటానికీ కారణం ఇదే. అర లీటరు పోస్తే సగం తాగేసరికి వేడెక్కి, గ్యాస్ పోయి, చేదు ఒక్కటే మిగులుతుంది. పెద్ద గ్లాసు అడిగితే దొరకదు సరికదా, ఒక వ్యంగ్యం బోనస్‌గా వస్తుంది.

వడ్డించేవాళ్లను కొబెస్ అంటారు. నీలం ఏప్రన్, చేతిలో గ్లాసుల ట్రే, నోటినిండా వెటకారం. అది కోపం కాదు, ఇక్కడి ఆచారం. మీ గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే కొత్తది పెట్టి, కింది అట్ట మీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తాడు. ఆ గీతలే మీ బిల్లు, కాబట్టి అట్టను జేబులో వేసుకోవద్దు, తడిపి చింపొద్దు, దాని మీద ఏమీ రాయొద్దు. చాలనుకుంటే అట్టను గ్లాసు మీద మూతలా పెట్టాలి. అది పెట్టకుండా చేత్తో 'వద్దు, వద్దు' అంటూ ఉంటే ఇంకో గ్లాసు వచ్చేస్తుంది. చిన్న గ్లాసే కదా అనుకుంటే లెక్క తప్పుతుంది: మూడు గ్లాసులంటే 750 మి.లీ., మన 650 మి.లీ. పెద్ద సీసా కంటే ఎక్కువ. గ్లాసు ధర మూడు యూరోలకు అటూఇటూ ఉంటుంది. నోట్లు, చిల్లర దగ్గర ఉంచుకోండి, కార్డు అన్నిచోట్లా నడుస్తుందని అనుకోవద్దు. టిప్పు బల్ల మీద వదిలి రావడం ఇక్కడి పద్ధతి కాదు. బిల్లు 13.50 అయితే డబ్బు ఇస్తూ '15' అని చెప్పాలి, మిగతాది అతనే తిరిగిస్తాడు.

పక్కవాళ్లతో ఒకే బల్ల పంచుకోవడం మామూలే. ఖాళీ కుర్చీ చూపించి 'ఇస్ట్ హియర్ ఫ్రై?' అని అడిగితే చాలు. 'స్టామ్‌టిష్' అన్న బోర్డున్న బల్ల మాత్రం రోజూ వచ్చేవాళ్లది, అది ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. ఈ రాష్ట్రంలో 2013 మే నుంచి హోటళ్లు, పబ్బుల లోపల పొగతాగడం పూర్తిగా నిషేధం కాబట్టి పిల్లలతో వెళ్లినా లోపల ఊపిరాడుతుంది. వాళ్లకు సోడా కలిపిన ఆపిల్ రసం, ఆప్ఫెల్‌షోర్లె, ఎక్కడైనా దొరుకుతుంది.

ఊరిగెలో కడుపునిండా భోజనం ఆశించొద్దు. అక్కడివి ఎక్కువగా బీరుకు తోడుగా తినే చిన్న పదార్థాలు: రొట్టె, చీజ్, సాసేజ్ ముక్కలు. వాటిలో మెట్ అన్నది చూసుకోండి. బన్ను మీద ఉల్లిపాయతో వచ్చే ఆ ఎర్రటి ముద్ద పచ్చి పంది ఖీమా. ఉడకలేదని గొడవపడి లాభం లేదు, అది తినేదే అలా. ఫ్లోన్స్ అంటే రక్తంతో చేసిన సాసేజ్.

భోజనానికి రాటింగర్ వీధిలోని ఫ్యూక్స్‌షెన్ నయం. 1848 నాటి ఈ చోటు పంది కాలు వేపుడు హక్సెకు పేరు. చర్మం కరకరలాడుతుంది, లోపల మాంసం ఎముక నుంచి ఊడి వస్తుంది, ఒకటి తెప్పిస్తే ఇద్దరికి సరిపోతుంది. కుటుంబంతో అయితే బోల్కర్ వీధిలోని ష్లుసెల్ మేలు. హాలు పెద్దది, బీరు చేదు తక్కువ, వడ్డన కాస్త మర్యాద. రైల్వే స్టేషన్‌కు నడిచే దూరంలో, ఓస్ట్ వీధిలో 1838 నాటి షూమాకర్ ఉంది. పాతబస్తీ గోల లేకుండా మాట్లాడుకోవాలంటే అదే సరైన చోటు, ఆల్ట్ కూడా మాల్ట్ వైపు మొగ్గుతుంది. 2010లో వచ్చిన క్యుర్త్సర్ కుర్రకారు అడ్డా. మిగిలిన నాలుగూ చూశాక టైముంటే సరే.

గొడ్డుమాంసం తిననివాళ్లు జెన్‌ఫ్‌రోస్ట్‌బ్రాటెన్ అన్న ఆవాల పూత రోస్ట్‌ను, సావర్‌బ్రాటెన్‌ను వదిలేయాలి. రెండోది ఈ ప్రాంతంలో ఒకప్పుడు గుర్రం మాంసంతో చేసేవారు, ఇప్పుడు చాలాచోట్ల గొడ్డుమాంసమే. ఫ్రికడెల్లె అనే కట్లెట్‌లో పంది, గొడ్డు రెండూ కలిసి ఉండవచ్చు. శాకాహారులకు నిలబడే వంటకం రైబెకూఖెన్: తురిమిన బంగాళాదుంపతో చేసిన అట్టు, పక్కన ఆపిల్ గుజ్జు. అందులో గుడ్డు ఉంటుంది. వేయించిన బంగాళాదుంపలు కనపడగానే సంబరపడొద్దు, చాలాసార్లు వాటిలో పంది కొవ్వు ముక్కలుంటాయి, 'ఓనె ష్పెక్' అని అడిగి తెప్పించాలి. కారం లేదని దిగులుపడేవాళ్లకు ఆదుకునేది డ్యూసెల్‌డార్ఫ్ ఆవముద్ద. కొత్త ఆవకాయ జాడీ మూత తీసినప్పటిలా ఘాటు ముక్కుపుటాల్లోకి ఎక్కుతుంది. చాకు మొనతో కొంచెమే తీసుకోండి.

సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కొలోన్‌కూ ఈ ఊరికీ బీరు దగ్గర పాత పంతం. అక్కడిది కోల్ష్. పులియబెట్టే పద్ధతి దాదాపు ఇదే, రంగు మాత్రం లేత పసుపు, చేదు తక్కువ, గ్లాసు ఇంకా చిన్నది, 200 మి.లీ. కొలోన్, దాని చుట్టుపక్కల బ్రూవరీలే ఆ పేరు వాడుకోవాలని 1986లో ఒప్పందం రాసుకున్నారు. ఆల్ట్‌కు అలాంటి కంచె లేదు. కొలోన్‌లో పెద్ద కేథడ్రల్ చర్చి పక్కనే ఉన్న ఫ్రూ అనే పబ్ పేరు అందరూ చెబుతారు. బీరు బాగుంటుంది కానీ అది అక్కడ కాచింది కాదు, బ్రూవరీ ఊరి చివరకు ఎప్పుడో వెళ్లిపోయింది. బ్రూపబ్ అన్న మాటకు న్యాయం చేసేది ఫ్రీజెన్ వీధిలోని, 1883 నాటి ప్యాఫ్గెన్. హల్వె హాన్ అన్న పేరు చూసి సగం కోడి వస్తుందనుకుని ఆర్డర్ చేస్తే, రై బన్ను, చీజ్, ఉల్లిపాయ, ఆవముద్ద వస్తాయి. శాకాహారులకు మాత్రం అది వరమే. రెండు ఊళ్లూ చూసేవాళ్లు కోల్ష్‌తో మొదలుపెట్టి ఆల్ట్‌కు రావాలి. ఆల్ట్ చేదు తర్వాత కోల్ష్ నీళ్లలా అనిపిస్తుంది. ఒక ఊళ్లో రెండో ఊరి బీరు మాత్రం అడగొద్దు. ఒక్క సాయంత్రమే ఉంటే డ్యూసెల్‌డార్ఫ్‌కే ఓటు, నాలుగైదు బ్రూవరీలు నడిచి తిరిగేంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి.

రెండు ఊళ్ల మధ్య రీజనల్ రైలు అరగంట ప్రయాణం, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజనల్ ప్రయాణాలకు వాడే నెలవారీ పాస్) చెల్లుతుంది. ఆఖెన్, బోకుమ్, డూయిస్‌బర్గ్‌లలో చదువుకునే మనవాళ్లకు ఇది ఒక్క సాయంత్రం పని. డ్యూసెల్‌డార్ఫ్ స్టేషన్ నుంచి ఊబాన్ (మెట్రో)లో హైన్‌రిష్ హైనె అల్లే స్టాప్‌లో దిగితే ఊరిగెకు కొద్ది నిమిషాల నడక. రాత్రి ఉండాలంటే పాతబస్తీలో గది తీసుకోవద్దు. శుక్ర, శనివారాల్లో పెళ్లికి ముందు పార్టీల గుంపులు తెల్లవారుజాము దాకా అరుస్తుంటాయి. స్టేషన్‌కూ ఓస్ట్ వీధికీ మధ్య దిగితే నిద్ర పడుతుంది. పైగా దగ్గర్లోని ఇమ్మర్‌మాన్ వీధి జపాన్ హోటళ్లకు పేరు, మర్నాడు అన్నం దొరుకుతుంది. గది బుక్ చేసేముందు మెస్సె ఎగ్జిబిషన్ల తేదీలు చూడండి. జనవరిలో పడవల ప్రదర్శన, నవంబర్‌లో మెడికా అనే వైద్య రంగ ప్రదర్శన ఉన్న రోజుల్లో గదుల రేట్లు ఆకాశాన్నంటుతాయి. కార్నివాల్ రోజుల్లో కూర్చునే చోటు మీద ఆశ వదులుకోవాలి.

తేదీ మీ చేతిలో ఉంటే జనవరి లేదా అక్టోబర్ మూడో మంగళవారం పెట్టుకోండి. ఆ రెండు రోజులూ ఊరిగెలో ఆల్ట్ బదులు ష్టికె పోస్తారు: ఎక్కువ మాల్ట్, ఎక్కువ హాప్స్, 6 శాతం. గ్లాసు అదే పావు లీటరు, కొబెస్ వేగమూ అదే, కాబట్టి అట్ట ఒక గ్లాసు ముందే మూతపడాలి. కారుతో మాత్రం వద్దు. మామూలు డ్రైవర్లకు రక్తంలో ఆల్కహాల్ పరిమితి వెయ్యికి 0.5 వంతు, అంటే 0.05 శాతం. కానీ 21 ఏళ్లు నిండనివాళ్లకు, లైసెన్స్ వచ్చి రెండేళ్ల ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు అది సున్నా.